గోడ లోపలి తేమ

గత షాబాన్ నెల సెలవులకు మదరసా మూసిన మరునాడే మేము కాచిగూడలో రాత్రి రైలెక్కి కర్నూలుకు బయలుదేరాము. ప్రతి సంవత్సరం సెలవుల్లో రెండు మూడు రోజులు వెళ్ళి రావడం మాకు అలవాటే. ఈసారి మాత్రం నెలన్నర ఉండవలసిన పని పడింది. పాతబస్తీలోని మా తాతగారి నాటి ఇంటిలో వెనుక దాలాను పైకప్పు ఒక మూల కుంగిందని, మట్టి రాలుతోందని ముందు గదుల్లో అద్దెకున్నవారు ఫోను చేశారు. వారికి ఇద్దరు పసిపిల్లలు. ఇక ఆలస్యం చేయడం ధర్మం కాదనుకున్నాము.

తెల్లవారుజామున గద్వాల దాటి రైలు తుంగభద్ర వంతెన మీదికి వచ్చింది. చలికాలపు తుంగభద్ర నల్లని బండల మధ్య పాయలు పాయలుగా పారుతూ ఉంది. ఈ నది ఇంత నెమ్మదిగా కనిపించినప్పుడల్లా మాకు 2009 అక్టోబరు 2 గుర్తుకు వస్తుంది. ఆనాడు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కటై కర్నూలు నగరంలోకి వచ్చేశాయి. మా ఇంటి దాలానులో నీరు మనిషి నిలువెత్తును దాటింది. అబ్బాజాన్, అమ్మీజాన్ పక్కింటి డాబా మీద రెండు రాత్రులు గడిపారు. అబ్బాజాన్ కిందికి దిగి మొదట వెదికినది తమ పుస్తకాల అలమరానట. అందులో బురద తప్ప మరేమీ మిగలలేదు.

స్టేషను నుండి కొండారెడ్డి బురుజు మీదుగా ఇంటికి నడిచాము. 1953 అక్టోబరు నుండి మూడేళ్ళ పాటు ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అంతకు పూర్వం నవాబుల ఏలుబడి. 1839లో ఆంగ్లేయులు కడపటి నవాబు గులాం రసూల్ ఖానును పదవి నుండి తొలగించి కోటను స్వాధీనం చేసుకున్నారు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాను సమాధి గుంబజులు ఇంకా నిలిచే ఉన్నాయి. చిన్నతనంలో అబ్బాజాన్ మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళి, ఇంత బరువును సున్నమే మోస్తున్నదని, ఇందులో సిమెంటు రవ్వంత లేదని చెప్పేవారు. ఆ మాట ఈసారి మాకు మరో విధంగా పనికివచ్చింది.

మా ఇల్లు రాయలసీమలో ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించిన మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, టేకు స్తంభాలు, వాటిపై దూలాలు, దూలాలపై అడ్డంగా దంతెలు, దంతెలపై బేతంచెర్ల నాపరాళ్ళు, వాటిపై మట్టి, అన్నిటికీ పైన చౌడు మన్ను. వానాకాలానికి ముందు ప్రతి ఏటా బండి చౌడు తెప్పించి మిద్దె మీద పరచడం మా బాల్యంలో ఒక పండుగ. చౌడు తడిస్తే మెత్తబడి సందులను కప్పేస్తుంది, నీటిని కిందికి దిగనివ్వదు. నడుమ పైకప్పులో గవాచి. దాని నుండి పడే వెలుతురు చుక్క నేల మీద ఎక్కడికి వచ్చిందో చూసి అమ్మీజాన్ జుహర్ వేళయిందని చెప్పేవారు.

మరునాడు ఉదయం తాపీ మేస్త్రీని పిలిపించాము. అరవై దాటిన మనిషి. ఆయన తండ్రి మా తాతగారి కాలంలో ఈ ఇంటికి పనిచేసినవాడట. ఆయన దాలానులో నిలబడి పైకి చూడలేదు. గోడ దగ్గర కూర్చుని తాపీ పిడితో కిందనుంచి పైకి కొట్టుకుంటూ పోయారు. ఒకచోట గట్టి శబ్దం, మరొకచోట డొల్ల శబ్దం. డొల్లగా పలికినచోట గీకితే సిమెంటు పూత అరచేయంత పెచ్చుగా ఊడివచ్చింది. దాని వెనుక గోడ ముట్టుకుంటే చెమ్మ. తెల్లని ఉప్పు పొర.

“మౌల్సాబూ, జబ్బు పైన లేదు, ఈడుంది” అన్నారాయన. “నేలలో నుంచి తేమ రాతి సందుల్లో పైకి ఎక్కుతాది. ఎక్కిన నీళ్ళు యాటికి పోవల్ల? సున్నం పూత అయితే గాలికి ఆరిపోయేది. మీరు సిమెంటుతో మూసేసినారు. అది బయటికి రాలేక దూలం తల దగ్గరికి పోయింది. తడి ఉన్న చోటికి చెదలు వస్తాయి. సిమెంటు మంచిదే, కాదనను. యాడ పెట్టల్లో ఆడ పెట్టల్ల.”

ఆ సిమెంటు పూయించినది అబ్బాజాన్. వరద తగ్గిన తరువాత సహాయంగా వచ్చిన డబ్బుకు తమ పొదుపు కలిపి, మళ్ళీ నీళ్ళు వచ్చినా గోడ కరగకూడదని, నలుమూలలా దట్టంగా పూయించారు. మేము కూడా పక్కన నిలబడి ఇక నిశ్చింత అనుకున్నవారమే. రెండేళ్ళకు అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. మంచి ఉద్దేశంతో మూసిన గోడ పదహారేళ్ళు లోలోపల తడుస్తూనే ఉంది.

పని మొదలైంది. ముందుగా కుంగిన దూలం కింద ఆసరా కర్రలు నిలిపారు. అద్దె కుటుంబాన్ని వీధి చివర మరో ఇంటికి మార్చి ఆ రెండు నెలల బాడుగ మేమే భరించాము. పూతంతా నడుము ఎత్తు వరకు కొట్టించి గోడను ఆరనిచ్చారు. పెరటిలో గుంట తవ్వి సున్నపురాయి పోసి నీళ్ళు పెట్టారు. అది కుతకుత ఉడికి, పొగలు చిమ్మి, చల్లారి వెన్నవలె అయింది. జల్లెడ పట్టి మూడు వారాలు నానబెట్టవలసిందేనని మేస్త్రీ పట్టుబట్టారు. పూర్వం ఎద్దులు లాగే గానుగలో సున్నం, ఇసుక నూరేవారు. కరక్కాయ నానిన నీరు, బెల్లం నీరు కలిపేవారు. ఇప్పుడు గానుగ ఎక్కడిది? మిక్సరు యంత్రంలో తిప్పించి, చివరకు రోకలితో దంచారు. కరక్కాయ, బెల్లం మాత్రం మానలేదు.

అంగడిలో నాలుగు బస్తాల సిమెంటు కొన్నాము, పెరటి మెట్ల కొరకు. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుండి 18కి తగ్గిందని, ఇదే అదనుగా ఇల్లంతా పడగొట్టి కొత్తగా కట్టుకోవచ్చునని అంగడివారు సలహా ఇచ్చారు. మా వీధిలో ఆ సలహా విన్నవారే ఎక్కువ. ఇరువైపులా నాలుగంతస్తుల కట్టడాలు లేచాయి. మేము వాటిని తప్పుపట్టము. ఒక ఇంట నలుగురు కొడుకులుంటే నాలుగు కుటుంబాలు ఎక్కడ తలదాచుకోవాలి? అయితే ఆ ఇళ్ళలో అంగణం లేదు. అంగణంలో మంచం వేసుకుని కూర్చున్న నానీ అమ్మ దగ్గరకు పిల్లలు తప్పనిసరిగా రావలసివచ్చేది. ఇప్పుడు ఎవరి గది వారిది, ఎవరి ఫోను వారిది. రాత్రి పదకొండు గంటలకు మిద్దె మీద నిలబడి చూస్తే ఎదుటి కట్టడంలో ఒక్కొక్క కిటికీలో ఒక్కొక్క నీలి వెలుగు కనిపించేది.

కూల్చిన ఇళ్ళ కలప అమ్మే అడితిలో పాత టేకు దూలం ఒకటి దొరికింది. కొత్తదాని కంటె చౌక, చెద ఎక్కని సరుకు. దాని మీద ఎవరో పిల్లవాడు మేకుతో గీసుకున్న ఎత్తు కొలతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఎవరి ఇంటిదో అడిగితే అడితివారికి తెలియదు.

సాయంత్రం అస్ర్ తరువాత వీధి చివర టీ దుకాణం దగ్గర కూర్చునేవారము. అక్కడ వార్తలకు కొదువ లేదు. మమ్మల్ని చూడగానే యువకులు ఫోను ముందు పెట్టి, “హజ్రత్, ఇది నిజమేనా?” అని అడిగేవారు. ఒకరోజు ఒక గొంతు సందేశం వీధంతా తిరిగింది. పాతబస్తీలో కాగితాలు సరిగా లేని ముస్లిముల ఇళ్ళన్నీ కొత్త వక్ఫ్ చట్టం కింద పోతాయని దాని సారాంశం. ఒక వృద్ధురాలు ఏడుస్తూ తన ఇంటి పన్ను రసీదులు సంచిలో వేసుకుని మా దగ్గరకు వచ్చింది.

వార్తను తెచ్చినవాడెవడో, అది ఎంతవరకు నిజమో నిర్ధారించుకోమని సూరె హుజురాత్ మనకు నేర్పుతున్నది. మేము తెలిసినంత వరకు విడమరచి చెప్పాము. వక్ఫ్ సవరణ చట్టాన్ని 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆమోదించింది. మస్జిదులు, ఖబరస్తాన్లు, దర్గాల వంటి వక్ఫ్ ఆస్తుల వివరాలను ‘ఉమీద్’ పోర్టల్‌లో నమోదు చేయాలని నిర్ణయించింది. అదే ఏడు సెప్టెంబరు 15న సర్వోన్నత న్యాయస్థానం ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను మధ్యంతరంగా నిలిపివేసింది. మన ఆందోళనలు నిజమైనవే, చాలా మస్జిదులకు దస్తావేజులు దొరకవు, వాటి కొరకు ముతవల్లీలు తిరగవలసినదే. కాని మీరు నివసించే సొంత ఇంటికి ఆ నమోదుతో సంబంధం లేదు. ఆమె కుదుటపడి వెళ్ళిపోయింది.

అప్పుడే ఒక యువకుడు మామూలుగా అడిగాడు: “హజ్రత్, మరి మీ ఇల్లు ఎవరి పేరున ఉంది?”

మేము సమాధానం చెప్పబోయి ఆగిపోయాము.

ఆ రాత్రి అబ్బాజాన్ ఇనుప పెట్టె తెరిచాము. వరద తడి తగిలి ముడుచుకుపోయిన దస్తావేజు తాతగారి నుండి అబ్బాజాన్‌కు వచ్చినది. ఇంటి పన్ను ఈనాటికీ అబ్బాజాన్ పేరునే వస్తున్నది. ఆయన మరణించి పద్నాలుగేళ్ళు దాటింది. అమ్మీజాన్ కూడా వెళ్ళిపోయారు. వారసులము ముగ్గురము: నంద్యాలలో ఉన్న మా ఆపా, మేము, రియాదులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు. ఇంటిని ఐదు పాళ్ళు చేస్తే మా అన్నదమ్ములకు రెండేసి పాళ్ళు, ఆపాకు ఒక పాలు. ఈ లెక్క వేయడానికి మాకు కాగితం, కలం అక్కరలేదు. ఇరవై మూడేళ్ళుగా మేము మదరసాలో ‘సిరాజీ’ బోధిస్తున్నాము. వారసత్వ శాస్త్రంలో ఆ గ్రంథాన్ని చదవనిదే విద్యార్థి పట్టా పుచ్చుకోడు. మనవడు, మేనత్త, మేనమామ కలగలిసిన చిక్కు లెక్కలను నల్లబల్ల మీద క్షణంలో విప్పి చూపే మేము, మా సొంత ఇంటి అతి తేలిక లెక్కను పద్నాలుగేళ్ళు విప్పకుండా ఉంచాము.

ఎవరూ కుట్ర చేయలేదు. అది ఇంకా బాధ. అబ్బాజాన్ పోయినప్పుడు అమ్మీజాన్ ఉన్నారు కదా అన్నాము. అమ్మీజాన్ పోయాక తమ్ముడు వచ్చినప్పుడు చూద్దామన్నాము. ముందు గదుల బాడుగ నెలనెలా మా ఖాతాలోకే వస్తున్నది, దానితో పన్ను కడుతున్నాము, మిగిలినది మా పిల్లల చదువులకు కలిసిపోయింది. ఆపా ఏనాడూ అడగలేదు. మన సమాజంలో పుట్టిల్లు కావాలనుకునే ఆడబిడ్డ వాటా అడగదు. అడగకపోవడాన్ని మనం మాఫ్ చేయడంగా రాసుకుంటాము.

దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరెలో హజ్రత్ మూసా (అ), హజ్రత్ ఖిజ్ర్ (అ) ఒక ఊరికి వస్తారు. ఆ ఊరివారు వారికి అన్నం పెట్టరు. అయినా కూలిపోతున్న ఒక గోడను ఖిజ్ర్ (అ) కూలి అడగకుండా నిలబెడతారు. ఆ గోడ ఇద్దరు అనాథ పిల్లలది. దాని కింద వారికి చెందవలసిన నిధి ఉంది, వారి తండ్రి పుణ్యాత్ముడు. పిల్లలు పెద్దవారై తమ సొత్తు తామే తీసుకునేదాకా గోడ నిలవాలి. ఈ వృత్తాంతం మేము ఎన్ని జుమా ప్రసంగాల్లో చెప్పామో లెక్కలేదు. ఆ రాత్రి ఆసరా కర్రల మధ్య కూర్చున్నప్పుడు మాత్రమే మాకు తట్టింది: అక్కడ గోడ బాగుచేయడం హక్కుదారులకు హక్కు చేరడానికి. మేము ఎవరి కొరకు బాగుచేస్తున్నాము?

మరునాడు నంద్యాల బస్సెక్కాము. ఓర్వకల్లు బండలు, పాణ్యం దాటి రెండు గంటల ప్రయాణం. 2022 ఏప్రిల్ నుండి నంద్యాల వేరే జిల్లా. ఆపా ఒకే ఊరిలో ఉంటూనే మా జిల్లా దాటిపోయిందని అప్పట్లో హాస్యమాడాము.

ఆపా మాకంటె ఆరేళ్ళు పెద్ద. ఐదేళ్ళ క్రితం బావగారు పోయారు. కొడుకు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. మేము వచ్చిన పని చెప్పాము. ఇంటి విలువ, ఐదు పాళ్ళ లెక్క, పద్నాలుగేళ్ళ బాడుగ, అన్నీ రాసి తెచ్చిన కాగితం ముందు పెట్టాము. సంతోషిస్తుందని, లేదా ‘నాకెందుకు తమ్ముడూ’ అంటుందని మనసులో ఏదో ఒక మూల ఆశించాము. ఆమె ఆ కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు.

“పైకప్పు పడబోతే గుర్తుకొచ్చానా?” అంది చివరకు.

మేము తలవంచుకున్నాము.

“మీ బావకు జబ్బు చేసినప్పుడు నా చేతి గాజులు అమ్మాను. నీవు వచ్చి పది వేలు చేతిలో పెట్టావు. నేను దువా చేశాను. నలుగురికీ నా తమ్ముడు ఇచ్చాడని చెప్పుకున్నాను. అవి నా బాడుగ డబ్బులని నాకు తెలియదు. నీకు తెలుసు.”

ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. మేము క్షమించమని అడిగాము. ఆపా, “క్షమించడం వేరే. వాటా మాఫ్ చేశానని మాత్రం ఎక్కడా అనకు. నేను అడగలేదు, అంతే. అడగకపోవడం, వదులుకోవడం ఒకటి కాదు. నోటితో వద్దు, రాసివ్వండి” అంది. తరువాత వంటింట్లోకి వెళ్ళి మాకు అన్నం వడ్డించింది. అన్నం పెట్టింది కనుక అంతా సర్దుకుందని మేము అనుకోవడం లేదు.

తమ్ముడితో ఆ రాత్రే ఫోనులో మాట్లాడాము. అతనికి వేరే ఆలోచన ఉంది. ఆ స్థలాన్ని బిల్డరుకు ఇస్తే ముగ్గురికీ తలా ఒక ఫ్లాటు వస్తుందని, ఈ మట్టి మిద్దె మీద డబ్బు పోయడం తెలివి కాదని వాదించాడు. ఆపా వాటా విషయంలో, “నేను కాదంటానా, వచ్చినప్పుడు చూద్దాం” అన్నాడు. ఆ ‘వచ్చినప్పుడు చూద్దాం’ అన్న మాట మేమే అతనికి నేర్పాము. కోపగించుకునే అర్హత మాకు లేకపోయింది. ఇల్లు నిలుపుకోవాలా, అమ్మాలా అన్నది ముగ్గురమూ కూర్చుని తేల్చుకోవలసినదని, ఎవరి పాలు ఎంత అన్నది మాత్రం ఎవరూ తేల్చవలసిన పని లేదని, అది ముందే తేలి ఉందని చెప్పాము.

రమజాన్ వచ్చింది. మూడు వారాలు నానిన సున్నంతో గోడలకు పూత మొదలైంది. పూసిన తరువాత కూడా తొందరపడరాదు. గోనెసంచులు తడిపి కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి. తొందరగా ఆరితే చీలుతుంది. ఒక మధ్యాహ్నం అకాల వర్షం పడి, ఇంకా చౌడు పరచని మూల నుండి నీళ్ళు కారి మా జానిమాజ్ తడిసింది. దైవప్రవక్త (స) కాలంలో ఖర్జూరపు మట్టలతో కప్పిన మస్జిదె నబవీ కూడా రమజాన్ రాత్రి వానకు కురిసిందని, సజ్దా చేసిన ఆయన నుదుటిపై తడి మట్టి అంటుకుని కనిపించిందని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. కురిసే కప్పు కింద నమాజుకు లోటు లేదు. ఒకరి హక్కు మన దగ్గర నిలిచి ఉండగా చేసే నమాజు మాట ఏమిటన్నదే ఆనాడు మమ్మల్ని వేధించిన ప్రశ్న.

రమజాన్ రెండవ భాగంలో ఒక రోజు ఆపా కొడుకుతో కలిసి వచ్చింది. ఆమె ఇల్లంతా తిరిగి చూసింది. అడితి నుండి తెచ్చిన దూలం మీది పిల్లవాని కొలతలు చూసి నవ్వింది. ఇఫ్తార్ తరువాత వకీలు సిద్ధం చేసిన ముసాయిదాను తన కొడుకు చేత రెండుసార్లు చదివించుకుని, మూడవసారి తానే చదువుకుని సంతకం చేసింది. మేమూ చేశాము. బాడుగ బాకీలో మొదటి విడత ఆమెకు అందజేశాము. మిగిలినది ఏ నెలకు ఎంతో రాసి ఇచ్చాము. తమ్ముడి సంతకం ఇంకా రావలసి ఉంది. అతను బక్రీదుకు వస్తానన్నాడు. మూడు సంతకాలు పూర్తి కాకుండా ఆ భాగపరిష్కార పత్రం రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళదు.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట పెద్దవారు పోయి ఎంతకాలమైందో ఒకసారి లెక్కించుకోండి. ఇంటి పన్ను ఎవరి పేరున వస్తున్నదో చూడండి, అయితే పన్ను రసీదు హక్కు పత్రం కాదని గుర్తుంచుకోండి. వారసుల పేర్లన్నీ, ఆడపిల్లల పేర్లతో సహా, ఒక కాగితం మీద రాయండి. 1937 నాటి షరీఅత్ అనువర్తన చట్టం ప్రకారం మన వారసత్వానికి మన ధర్మశాస్త్రమే వర్తిస్తుందని సభల్లో గర్వంగా చెప్పుకుంటాము. ఆ శాస్త్రం చెల్లెలికి, అక్కకు ఇచ్చినది వారి చేతికి అందిందా అని కూడా చూసుకోవాలి. వారు వదులుకుంటామంటే, ముందు వాటాను వారి చేతిలో పెట్టి, ఆ తరువాత అడగండి.

మేము తిరిగి వచ్చే నాటికి దాలాను గోడ కింది భాగం ఇంకా పూర్తిగా ఆరలేదు. పదహారేళ్ళ తేమ ఒక వేసవిలో పోదని, రెండు వేసవులు పడుతుందని, అంతవరకు గోడకు ఆనించి ఏ సామానూ పెట్టవద్దని మేస్త్రీ చెప్పారు. అద్దె కుటుంబం తిరిగి ముందు గదుల్లోకి వచ్చింది. ఈ నెల నుండి బాడుగలో ఐదవ వంతు నేరుగా నంద్యాలకు వెళుతున్నది.